పెద్ద లూర్‌కి ఏ దారం? మా అన్న ఫోన్‌లో అడిగిన ప్రశ్న



మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, జీవో 3, నోటిఫికేషన్లు ఇవే కదా. ఈసారి నేను చేపల దారం గురించి రాస్తున్నా. నవ్వుకోకండి. ఏటి ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు మనలో చాలామంది ఉన్నారు, రాడ్డు పట్టిన తమ్ముళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. వాళ్ల డబ్బులు ఎక్కువగా పోయేది దారం దగ్గరే. కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మాది శబరి ఒడ్డు, కూనవరానికి కొంచెం పైన. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా వైపు ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో సామాన్లు కొన్ని గుట్ట మీదకి మోసుకున్నాం. వలలు మాత్రం పోయినయ్. మా నాయన పదేళ్లుగా అతుకులు వేసుకుంటూ వాడిన వలలు అవి. కొత్త వల కొనాలంటే దారం, సీసం, బెండ్లు, అల్లిక కూలీ.. అంత డబ్బు మా దగ్గర లేదు. మా అన్న రెండు సీజన్లు మిర్చి కోతకి పోయి, ఆ కూలీలో కొంత దాచి, ఒక రాడ్డు, పెద్ద రీలు కొన్నాడు. రెండూ కలిపి 3,800. నాయన ఒక రోజంతా మాట్లాడలేదు. "కర్రకి అంత డబ్బా" అని మా అమ్మ మాత్రం అన్నది.

అన్నకి చేతిపని బాగా వచ్చు. లూర్ అంటే తెలియని వాళ్లకి చెప్తున్నా, అది దొంగ చేప. ఎర ఉండదు, వానపాము ఉండదు. చేప ఆకారంలో ఉన్న చెక్కనో ప్లాస్టిక్‌నో విసిరి లాగుతుంటే, నిజం చేప ఈదుతుందనుకుని పెద్ద చేప వచ్చి పట్టుద్ది. కొనాలంటే ఒక్కోటి నాలుగైదు వందలు. అన్న బూరుగు చెక్కతో సొంతంగా చెక్కుతాడు. బూరుగు తేలిక, కత్తికి మెత్తగా వస్తది. కడుపులో సీసం పోసి, రెండు మూడుకొక్కేల గాలాలు తగిలించి, పైన రంగు, వార్నిష్. జానెడు పొడుగు, 80 గ్రాముల బరువు. అంత పెద్దది ఎందుకంటే వాలుగ కోసం. వాలుగ నోరు మీరు చూసే ఉంటారు, తల సగం వరకూ చీల్చినట్టు ఉంటది. చిన్న లూర్ వేస్తే చిన్న చేపలు వచ్చి గెలుకుతయ్, వాలుగ పట్టించుకోదు. ఇంకోటి, బరువు ఉంటేనే ఒడ్డు నుంచి మడుగు దాకా పోద్ది. మాకు పడవ లేదు.

నాలుగు కిలోల వాలుగ ఒక్కటి పడితే ఆ వారం సంతలో నూనె, పప్పు, నాకు బస్సు చార్జీ వచ్చేస్తయ్. అందుకే ఈ దారం సంగతి మా ఇంట్లో సరదా సంగతి కాదు.

రాడ్డుతోపాటు అన్న ఫోన్‌లో ఆర్డర్ పెట్టి ఒక అల్లిక దారం తెప్పించాడు. బ్రెయిడ్ అంటారు, సన్నటి పోగుల్ని జడలాగా అల్లింది. ప్యాకెట్ మీద 20 పౌండ్లు అని ఉంది, అంటే 9 కిలోలు. "మా ఏట్లో 9 కిలోల వాలుగ పడితే పండగే, ఇది చాలు" అనుకున్నాడు. వీడియోల్లో కూడా సన్న దారమైతే దూరం పోద్దని చెప్పారంట. మూడు సాయంత్రాల్లో రెండు చెక్క చేపలు పోయినయ్. ఒక్కోటి రెండు రాత్రులు కూర్చుని చెక్కినవి.

నాకు ఫోన్ చేసి "చెల్లె, ఏట్లో ఏదో పెద్దది ఉంది, దారం తెంపుకుపోతంది" అన్నాడు. నేను వైజాగ్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నా కాబట్టి దారం గురించి కూడా నాకే తెలియాలని వాడి నమ్మకం. నేను ఒకటే అడిగా, "తెగినప్పుడు లూర్ నీళ్లలో ఉందా, గాల్లో ఉందా?" కాసేపు ఆలోచించి "గాల్లోనే రా.. టప్ మని శబ్దం వచ్చింది, లూర్ ఒక్కటే ఎగిరి అవతల పడ్డది" అన్నాడు. అంటే చేప ముట్టుకోనే లేదు. విసిరిన విసురుకే తెగింది.

ఈ పోస్టులో నేను చెప్పాలనుకుంది ఇదే. లూర్ బరువుదైతే దారం పడే పెద్ద కష్టం విసిరేటప్పుడే. ప్యాకెట్ మీద కిలోలు చూసి మనం చేప బరువు లెక్క వేసుకుంటాం. చేప లాగితే రాడ్డు వంగుద్ది, రీలు డ్రాగ్ దారాన్ని వదులుద్ది, మన చెయ్యి ముందుకు పోద్ది. ఇన్ని కలిసి దారాన్ని కాపాడతయ్. విసిరేటప్పుడు దారం ఎక్కడన్నా చిక్కి ఆగితే దానికి అంత సాయం ఉండదు.

లెక్క చూద్దాం, ఇంటర్ ఫిజిక్సే. 80 గ్రాముల లూర్ సెకనుకి 25 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకోండి. గతిజశక్తి అర ఎమ్ వీ స్క్వేర్, అంటే 25 జౌళ్లు. బయల్దేరిన వెంటనే, మూడు మీటర్ల దారం బయటికొచ్చాక, రీలు మీద ఒక ఉంగరం చిక్కి ఆగిపోయిందనుకుందాం. నైలాన్ దారం సుమారు 20 శాతం సాగుద్ది అనుకుంటే మూడు మీటర్లకి 60 సెంటీమీటర్లు. 25ని 0.6తో భాగిస్తే 42 న్యూటన్లు, దగ్గర దగ్గర నాలుగు కిలోల బరువు. అల్లిక దారం సాగేది మూడు నాలుగు శాతమే, మూడు మీటర్లకి 10 సెంటీమీటర్లు వేసుకోండి. 25ని 0.1తో భాగిస్తే 250 న్యూటన్లు, 25 కిలోలు! ఇది సగటు, చివర్లో పడే కుదుపు ఇంకా ఎక్కువ ఉంటది. రాడ్డు కొన వంగి కొంత మింగుద్ది అనుకున్నా, 9 కిలోల దారం దీనికి ఎట్లా ఆగుద్ది? అరచేతిలో పట్టే చెక్కముక్క, బియ్యం బస్తా బరువుతో గుంజుతుంది.

ఇంక అసలు ఎందుకు చిక్కుతుంది అన్నది. అన్నని అడిగితే బయటపడ్డది. రెండుసార్లూ తెగే ముందు విసురులో లూర్ నీళ్లలో మోడుకి తట్టుకుంది, గట్టిగా గుంజి విడిపించాడు. అట్లా గుంజినప్పుడు సన్న దారం రీలు మీద ఉన్న వదులు చుట్ల మధ్యలోకి కత్తిలాగా దిగబడుద్ది. పైకి ఏం కనిపించదు. తర్వాత విసిరినప్పుడు చుట్లు బాగానే ఊడుతూ ఊడుతూ, ఆ దిగబడిన చోటుకి వచ్చేసరికి టప్. సన్న దారానికి ఈ జబ్బు ఎక్కువ. లావు దారం పై చుట్టు కింద చుట్ల మధ్య దూరలేదు, పైనే కూర్చుంటది. సన్నదైతే దూరం పోద్ది అని వీడియోల్లో చెప్పింది అబద్ధం కాదు, వాళ్లు 10, 15 గ్రాముల లూర్లు విసురుతున్నారు. 80 గ్రాములకి ఆ లెక్క కుదరదు. బరువే దారాన్ని మోసుకుపోద్ది, లావు వల్ల తగ్గే దూరం నాలుగైదు అడుగులు ఉంటదేమో.

వైజాగ్‌లో సముద్రం ఒడ్డు రాళ్ల మీద నుంచి పెద్ద లూర్లు విసిరే అబ్బాయిలు ఉంటారు. హార్బర్ వైపు ఒక గాలాల షాపులో వాళ్లని కలిసి అడిగా. ఆడపిల్ల వచ్చి 80 గ్రాముల లూర్‌కి దారం అడిగేసరికి షాపాయన ముందు నా వెనక ఎవరన్నా మగవాళ్లు వస్తున్నారేమో చూశాడు. తర్వాత బాగానే చెప్పాడులెండి. వాళ్లు వాడేది 50 నుంచి 80 పౌండ్లు. అంత చేప రోజూ పడుతుందని కాదు, లూర్లు పోగొట్టుకోకుండా ఉండటానికే అన్నారు. మా అన్నకి నేను పెట్టిన గీత కూడా అదే. 60 గ్రాములు దాటిన లూర్‌కి 50 పౌండ్లకి తగ్గొద్దు, 80 గ్రాములకి 65 పౌండ్లు. కిలోల్లో 65 పౌండ్లు అంటే 29న్నర.

అయితే పౌండ్లు అన్నది ప్యాకెట్ మీద రాసే మాట. రాయడానికి ఖర్చేముంది? లావు చూడాలి. మంచి కంపెనీల దారాల్లో 20 పౌండ్లది సుమారు 0.23 మిల్లీమీటర్లు, 50ది 0.36, 65ది 0.41 ఉంటది. జపాన్ లెక్కలో పీఈ 1, పీఈ 2, పీఈ 4 అని నంబర్లు రాస్తారు, నంబర్ పెరిగితే లావు పెరిగినట్టు. పీఈ 4 అంటే 0.33 దగ్గర, పీఈ 6 అంటే 0.4. ఎవరన్నా 0.2 లావులో 60 పౌండ్లు అని అమ్ముతుంటే ఆ ప్యాకెట్ కింద పెట్టేయండి.

ల్యాబులో స్క్రూ గేజ్ ఉంది కదా అని నేను రెండు దారాలు తీసుకెళ్లి కొలిచా. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో తీగ లావు కొలిచింది గుర్తుందా, అదే. అల్లిక దారం మెత్తన, గేజ్ బిగిస్తే నలిగి సన్నగా చూపిస్తది, కాబట్టి రాచెట్ ఒక్క క్లిక్ రాగానే ఆపి, ఐదు చోట్ల చూసి సగటు తీయాలి. గేజ్ లేని వాళ్లు పెన్సిల్‌కి 50 చుట్లు పక్కపక్కనే చుట్టి, స్కేలుతో వెడల్పు కొలిచి 50తో భాగించండి. కచ్చితంగా రాదు గానీ మోసం తెలుస్తది. అన్న కొన్న పాత దారం మీద 0.18 అని ఉంది, నాకు వచ్చింది 0.25. అంటే రాసిన దానికంటే లావు. లావు ఉంటే మంచిదే కదా అంటారేమో. అంత లావుకి రావాల్సిన బలం దానికి ఉందా అన్నది చూడాలి.

దానికి బకెట్ పరీక్ష. ఇది సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మేమిద్దరం చేశాం. ముడి వేసి వేలాడదీస్తే ముడి దగ్గర ముందు తెగుద్ది, దారం బలం తెలియదు. అందుకని నున్నటి చీపురు కర్ర వాసానికి అడ్డంగా కట్టి, దారాన్ని దానికి పది చుట్లు చుట్టి, చివర మాత్రమే ముడేశాం. చుట్ల రాపిడే బరువు మోస్తది. కింద కూడా బకెట్ పిడికి ఇంకో కర్ర పెట్టి అట్లాగే. తర్వాత లీటరు చెంబుతో నీళ్లు. లీటరు నీళ్లు కిలో, బకెట్ బరువు అదనం. పాత దారం 9 కిలోలది 7 దగ్గర తెగింది. తర్వాత అదే దారానికి అన్న ఎప్పుడూ వేసే ముడి వేసి చూస్తే 4 కిలోలు కూడా దాటలేదు, తెగలేదు కూడా, ముడే జారి ఊడొచ్చింది. మా పక్కింటి పిల్లలంతా చుట్టూ చేరి లీటర్లు లెక్కబెట్టారు. నాయన కూడా అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు, మాట మాత్రం అనలేదు.

ముడి ఎందుకు జారింది అంటే ఇక్కడ నా కెమిస్ట్రీ పనికొచ్చింది. ఈ అల్లిక పోగు పాలిథిలీన్. సంతలో కూరగాయలు వేసిచ్చే కవర్ కూడా పాలిథిలీనే. తేడా ఏంటంటే దీంట్లో అణుగొలుసులు చాలా పొడుగ్గా ఉంటయ్, పోగు తీసేటప్పుడు వాటన్నిటినీ ఒకే దిక్కుకి సాగదీస్తారు. అందుకే అంత బలం, అందుకే సాగుడు లేదు. కానీ కవర్ గుణాలు పోలేదు. నీళ్ల మీద తేలుద్ది, నున్నగా జారుద్ది, వేడికి ఆగదు. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరిగితే ఇది 150 లోపే కరుగుద్ది. ముడిని పొడిగా సర్రున బిగిస్తే ఆ రాపిడి వేడికే పోగులు దెబ్బతింటయ్. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. నైలాన్‌కి మనం వేసే మామూలు మెలిక ముడి దీనికి ఆగదు. దారాన్ని రెండు మడతలు చేసి, కొక్కెం కంట్లోంచి దూర్చి, ఒక ముడేసి, ఆ ఉచ్చులోంచి కొక్కేన్ని దాటించే పాలోమార్ ముడి ఆగుద్ది. జానెడు లూర్‌ని గాలాలతో సహా ఉచ్చులోంచి దాటించడం నరకం కాబట్టి, ముందు చిన్న స్టీలు స్నాప్‌కి ముడేసి, లూర్‌ని స్నాప్‌కి తగిలించుకోండి. స్నాప్ కూడా గట్టిది కొనాలి, పదిరూపాయల దగ్గర పీనాసితనం చేస్తే అదే ముందు విప్పుకుంటది.

పేటల సంగతి. నాలుగు పేటలది, ఎనిమిది పేటలది దొరుకుతయ్. ఎనిమిది నున్నగా, గుండ్రంగా ఉంటది, శబ్దం లేకుండా పోద్ది, ధర ఎక్కువ. నాలుగు పేటలది కాస్త గరుకు, లాగుతుంటే రింగుల్లో సుర్రుమంటది. మా శబరిలో రాళ్లు, మోళ్లు ఎక్కువ. లావు ఒకటే అయినప్పుడు నాలుగు పేటల్లో ఒక్కో పేట లావుగా ఉంటది కాబట్టి రాయికి ఒరుసుకున్నా తొందరగా చీలదు. బరువు లూర్‌కి నున్నదనం వల్ల వచ్చే లాభం తక్కువ. నేను నాలుగు పేటలదే కొన్నా. సముద్రం అబ్బాయిలు ఒప్పుకోలేదు, వాళ్లు ఎనిమిదే అంటారు. వాళ్లు వాళ్ల డబ్బు, నేను మా అన్న డబ్బు.

రంగు గురించి ఎక్కువ ఆలోచించకండి. ఈ పోగు రంగు పీల్చుకోదు, పైపూతే, నెల రోజుల్లో వెలిసిపోద్ది. వెలిసినంత మాత్రాన బలం పోయినట్టు కాదు. నేను పసుపుపచ్చ తీసుకున్నా, సందె వేళ దారం ఎటు పోతుందో అన్నకి కనపడాలని.

ఎంత పొడుగు కొనాలి అంటే, మొత్తం రీలు నింపక్కర్లేదు. ఎంత గట్టిగా విసిరినా 60, 70 మీటర్లు దాటదు. అడుగున చవక నైలాన్ చుట్టి, పైన 150 మీటర్ల అల్లిక చాలు. ఇది పొదుపు కోసమే కాదు. నున్నటి రీలు గుండు మీద అల్లిక దారం నేరుగా చుడితే మొత్తం చుట్ట గుండ్రంగా జారుద్ది, డ్రాగ్ పాడైందేమో అనుకుంటాం. నైలాన్ పట్టుకుంటది. చుట్టేటప్పుడు తడి గుడ్డలో దారం పట్టుకుని బిగువుగా చుట్టాలి, ఒకరు పట్టుకుని ఒకరు తిప్పాలి. వదులుగా చుడితే ఎంత లావు దారమైనా దిగబడుద్ది. మోడుకి తట్టుకుని గట్టిగా గుంజిన ప్రతిసారీ, తర్వాత విసురు మెల్లగా విసిరి, ఆ దారం మళ్లీ బిగువుగా చుట్టుకోవాలి. ఇది అన్నకి ఇప్పుడు అలవాటైంది.

చివర ఒక బార లావు నైలాన్, 0.7 మిల్లీమీటర్లది, ముందు కట్టాలి. అల్లిక లాగుడుకి బలమే గానీ ఒరుపుకి బలహీనం. వాలుగ పళ్లు చిన్నవే, కానీ ఆకురాయిలాగా వరసలు వరసలు ఉంటయ్. నైలాన్ ఆ ఒరుపుకి ఆగుద్ది, కొంచెం సాగి కుదుపు కూడా మింగుద్ది. రెండు దారాల్ని కలిపే ముడి విసిరేటప్పుడు రాడ్డు కొన రింగుకి బయటే ఉండాలి, లోపల ఉంటే రింగుకి తగిలి అదే ఇంకో చిక్కు.

మా తాత బతికున్నప్పుడు జనపనార తొడ మీద పేని దారం చేసేవాడు. పొద్దున్నే ఏటికి పోయే ముందు ఆ దారాన్ని కింది పెదవి మీద నుంచి మెల్లగా లాగేవాడు. చిన్నప్పుడు అది ఏదో మొక్కు అనుకునేదాన్ని. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తదంట. ఇప్పుడు అన్న అల్లిక దారం చివరి పది అడుగులు అట్లాగే చూసుకుంటాడు. గరుకు తగిలితే అక్కడిదాకా కోసేసి కొత్త ముడి. దారం కడగకుండా ఏటి ఒడ్డునే ఈ పని చేయొద్దని మాత్రం గొడవపడుతున్నా, ఏట్లో ఏమేమి కలుస్తున్నయ్యో మనకి తెలియంది కాదు. రాడ్డు రింగుల్ని కూడా చూడాలి. దూది పుల్ల రింగులో తిప్పితే, బీట ఉన్న చోట దూది పీచు చిక్కుతది. ఆ బీటే రోజూ మీ దారాన్ని కోస్తది.

తమ్ముళ్లకి గట్టిగా చెప్తున్నా, మోడుకి తట్టుకున్నప్పుడు ఈ దారాన్ని చేతికి చుట్టుకుని గుంజొద్దు. నైలాన్ వాత పెడుద్ది, ఇది ఎముక దాకా కోస్తది. కర్రకి చుట్టి గుంజండి. విసిరే చూపుడు వేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కోండి. కోసేసిన ముక్కలు ఒడ్డున పారేయొద్దు. ఇది కుళ్లదు, కొంగల కాళ్లకి, మేకల నోటికి చుట్టుకుంటది. అన్న ఒక నీళ్ల బాటిల్‌లో వేసుకొస్తాడు, సగం నిండింది.

కొత్త దారం 150 మీటర్లు 900 పడింది. బకెట్‌కి బదులు 20 లీటర్ల క్యాను, దాని పైన రోలు కట్టి చూశాం, 27 కిలోలకి తెగింది. రాసిన 29న్నరకి కొంచెం తక్కువే, పర్లేదు. అప్పటి నుంచి నాలుగు నెలలు, మోళ్లల్లో చిక్కుకుని రెండు చెక్క చేపలు పోయినయ్, గాల్లో ఒక్కటీ పోలేదు. వాలుగలు ఆరు పడ్డయ్, పెద్దది ఐదున్నర కిలోలు. దాన్ని సంతకి నాయనే మోసుకెళ్లాడంట.

ఇంకో రకం దారం కూడా తెప్పిస్తున్నా, తొమ్మిది పేటలది, షాపాయన పొగిడాడు. సంక్రాంతి సెలవులకి కూనవరం వైపు ఉండేవాళ్లు మీ మీ దారాలు తలా ఐదు మీటర్లు తీసుకుని మా ఇంటికి రండి, అన్నీ వరసగా క్యానుకి కట్టి చూద్దాం. ప్యాకెట్ అట్ట కూడా పారేయకుండా తేవాలి, రాసింది ఎంత, వచ్చింది ఎంత పక్కపక్కన రాసి ఇక్కడే పెడతా. స్క్రూ గేజ్ నేను అడిగి తెస్తా. రోలు మా అమ్మది, కింద పడితే ఆమెకి మీరే చెప్పుకోవాలి.